రాని తుఫాను, నాలుగు గంపల ఎండుచేపలు

2003 డిసెంబరు 13, శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మా ఇంట్లో తుఫాను మొదలయింది. బయట అప్పటికి ఆకు కదలడం లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారిందనీ, విశాఖపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరవేశారనీ రేడియోలో వార్తలు చదివే ఆయన చెప్పి, ఆ వెంటనే పొగాకు ధరలలోకి వెళ్ళిపోయాడు. నేను లేచి బీరువా మీదినుంచి పట్టిక దించాను.

ఆ పట్టిక సంగతి ముందు చెప్పాలి. 1985లో నేను ఉక్కు కర్మాగారం స్టోర్సులో చేరాను. వచ్చింది ఎంత, పోయింది ఎంత, మిగిలింది ఎంత అని రాసుకోవడమే ఆ ఉద్యోగం. ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చిన తరువాత ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. అప్పటినుంచి ఈ శనివారం దాకా మా ఇల్లు పదకొండు తుఫాన్లకు సిద్ధమయింది. వాటిలో మా గుమ్మం దాకా వచ్చినవి రెండే. తక్కిన తొమ్మిదీ ఒరిస్సా వైపో, దక్షిణానికో తిరిగిపోయాయి. వచ్చిన రెండింటిలో ఒకటి తొంభైల నడుమ వచ్చి, కిటికీ అద్దం పగలగొట్టి, మూడు రోజులు కరెంటూ నీళ్ళూ లేకుండా చేసింది. మూడో రోజున కొబ్బరి బోండాల నీళ్ళతో ముఖం కడుక్కున్నాను. ఆ జిగురు వదలడానికి మరో రోజు పట్టింది. అటువంటిది మళ్ళీ జరగకూడదని ఆ వారంలోనే ఇరవై మూడు అంశాలతో పట్టిక తయారు చేశాను.

మా ఆవిడది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. గాలినీ వాననూ చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి పట్టిక అంటే ఆమెకు గౌరవం లేదు.

"ఇరవై మూడు పనులూ మీరు సేసేసరికి తుఫాను వచ్చి, సూసి, ఎల్లిపోద్ది" అంది.

అయినా రెండు కిలోల మైదా ఉడికించి జిగురు చేసి ఇచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఆరు కిటికీల సందులకూ పాత వార్తాపత్రికలు అంటించాను. అద్దాల మీద గోధుమరంగు టేపుతో గుణకారం గుర్తులు వేశాను. బాల్కనీ తలుపు కింద పాత దుప్పటి ముక్కలు దూర్చి, వాటిమీద జిగురు, జిగురు మీద కాగితం, మళ్ళీ జిగురు. వీధి గుమ్మానికి కూడా లోపలి గడప దగ్గర అదే ఏర్పాటు. మనుషులు వచ్చిపోయేందుకు తలుపు తెరిచినా, గడప మీద జానెడు ఎత్తు కట్ట మాత్రం కదలదు. తరువాత నీళ్ళు. ముప్ఫై ఒక్క పాత్రలు నింపాను. బిందెలు, బకెట్లు, కుక్కరు, ఆవకాయ జాడీ, టిఫిన్ క్యారియరులో నాలుగు గిన్నెలూ విడివిడిగా. అన్నం వండడానికి గిన్నె లేదని మా ఆవిడ చెప్పినప్పుడు ఏ గిన్నెలో నీళ్ళు పారబోయాలో నాకు తోచలేదు. అటుకులు తిని పడుకున్నాం.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మా చేపలావిడ వచ్చింది. సముద్రపొడ్డు పల్లెనుంచి తట్ట నెత్తిన పెట్టుకొని తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారమూ మా సెక్టారుకు వచ్చే మనిషి. వయస్సు యాభై ఉంటుంది. ఆ రోజు ఆటోలో వచ్చింది. ఆటోలో ఆమె కాక నాలుగు పెద్ద తాటాకు గంపలు ఉన్నాయి.

"బాబూ, కాస్త పట్టు. పైకెక్కించాల."

"ఏమిటివి?"

"ఏటేటి, సేపలు. ఎండువి."

గంపలు పైకి చేరేలోగా మెట్ల మీదే సంగతి చెప్పింది. పల్లెలో అందరినీ బడిలోకి వెళ్ళమన్నారు. పడవను పైకి లాగేందుకు భర్త ఒడ్డున ఉండిపోయాడు. ఈ నాలుగు గంపలు వాళ్ళిద్దరూ మూడు నెలలు ఎండబెట్టినవి. మంగళవారం పొద్దున లారీ వస్తుంది. అది మన్యం సంతలకు ఎండుచేపలు పట్టుకుపోతుంది. సరుకు ఆ లారీ ఎక్కితే ఆ డబ్బుతో సొంత వల వస్తుంది.

"ఇరవయ్యేళ్ళనుంచి మా ఆయన ఊరోళ్ళ వల లాగతన్నాడు. ఈ ఏడు మా వల మేం ఏసుకుంతాం. బడి కప్పేమో కారతాది. మనుషులు తడిస్తే ఆరతారు గానీ ఇవి తడిస్తే పోతాయి. మీదైతే స్లాబిల్లు, మీద అంతస్తు."

"లోనకి తెచ్చీయ్ అప్పా, అడగాలేటి" అంది మా ఆవిడ.

మేము చేపలు తినేవాళ్ళమే. ఎండుచేపలూ తింటాం. కాని తినడం వేరు, నాలుగు గంపలతో, ఆరు కిటికీలూ మూసి అంటించిన ఇంట్లో ఉండడం వేరు. వాసన తొమ్మిది నలభైకి వంటింటికి, పది పదిహేనుకు పడకగదికి చేరింది. పదకొండుకు మా మెట్ల కింద ఉండే పిల్లి వచ్చి గుమ్మం ముందు కూర్చుంది. మరునాటి దాకా లేవలేదు. ఒక్క కిటికీకి కాగితం తీద్దామా అని అడిగాను. మైదా మళ్ళీ ఉడకబెట్టడం తన వల్ల కాదని మా ఆవిడ చెప్పింది.

గంపలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిన్న పేచీ వచ్చింది. ముందుగదిలో ఒక మంచం ఉంది. దాని మీద నా ఇనప పెట్టె, సర్టిఫికెట్ల సూట్‌కేసు పెట్టి ఉన్నాయి. పట్టికలో పంతొమ్మిదో అంశం: కాగితాలు ఎత్తు మీద ఉండవలెను. కాబట్టి గంపలను గోడవారగా నేల మీద, రెండింటి మీద రెండు పెట్టించాను. చేపలావిడ మంచం వంక చూసింది.

"ఆ పెట్టెలో ఏటున్నాయి బాబూ?"

"డైరీలు. పద్దెనిమిది."

"అంటే?"

"ఆ రోజు ఏటి జరిగిందో రాసుకుంతారు అప్పా" అంది మా ఆవిడ.

"జరిగిపోనాది కదా. మళ్ళీ రాయడం దేనికి?"

"నానూ అదే అడుగుతన్నాను, పెళ్ళయినకాడినుంచి."

నేను విననట్టుగా పుస్తకం తెరిచి, ఒక్కొక్క గంపలో సుమారు ఎన్ని ఉంటాయని అడిగాను. ఆమె రెండు చేతులూ గంపల మీద అడ్డంగా పెట్టింది.

"లెక్కెట్టకు బాబూ. అమ్మకముందు లెక్కెడితే తరిగిపోతాయి."

"కిందివి ఏ రకం, పైవి ఏ రకం అన్నా చెప్పు."

"కింద నెత్తళ్ళొక గంప, కవళ్ళొక గంప. ఇంకేటీ అడక్కు."

పుస్తకంలో 'గంపలు 4' అని మాత్రం రాశాను. పద్దెనిమిదేళ్ళ స్టోర్సు ఉద్యోగంలో అంత పేద పద్దు నేను రాయలేదు.

ఆ ఆదివారమంతా ఎదురుచూడడంతోనే గడిచింది. గంటకోసారి రేడియో పెట్టేవాడిని. అక్షాంశమూ రేఖాంశమూ చెప్పగానే ఇంటరు చదువుకు హాస్టల్లో ఉన్న మా అమ్మాయి బడి రోజుల అట్లాసులో పెన్సిలుతో చుక్క పెట్టేవాడిని. మధ్యాహ్నం మూడింటికి చుక్క విశాఖపట్నానికి అయిదు వేళ్ళ దూరంలో ఉంది. అయిదింటికి నాలుగు వేళ్ళు. గాలి లేచింది. కిటికీకి అంటించిన కాగితాలు లోపలికి ఉబ్బి, మళ్ళీ వెనక్కి పోయేవి. ఇల్లు ఊపిరి పీలుస్తున్నట్టు ఉందని నాకు తోచింది. మా ఆవిడకు చెబితే, "ఈ కంపులో దానికా పని ఎలగవుతుందో" అంది.

సాయంత్రం కింది క్వార్టరాయన పైకి వచ్చాడు. విజయనగరం మనిషి, రోలింగు మిల్లులో పని. మా ఇద్దరికీ చుట్టరికం లేదు గాని పదిహేనేళ్ళుగా బావా అంటే బావా అనుకుంటాం. ముక్కుకు తుండు అడ్డం పెట్టుకొని గుమ్మంలోనే ఆగాడు.

"తుఫాను మాట తరవాత బావా. ముందు ఈ వాసనకే మీ ఇల్లు ఎగిరిపోయేలాగుంది."

"ఎగిరితే నీ నెత్తిమీదే పడాల తమ్ముడా" అని లోపలినుంచి చేపలావిడ బదులిచ్చింది. తరువాత ఆయన ఇంటికి కూడా కిటికీలు అంటించి పెట్టమని నన్ను కిందికి తీసుకుపోయాడు. మిగిలిన జిగురంతా ఆ కిటికీలకు సరిపోయింది. ఈ వివరం అవసరమే, తరువాత తెలుస్తుంది.

సోమవారం నేను సెలవు పెట్టాను. ఉదయం చుక్క మూడు వేళ్ళ దూరంలో ఉంది. పది గంటలకు గాలి బాగా హెచ్చింది. మబ్బు నల్లగా ఉన్నా వాన చుక్క లేదు. పది గంటల అయిదు నిమిషాలకు కింది బావ తలుపు తట్టాడు.

"మీద అంతస్తులో గాలి దెబ్బ ఎక్కువ. కిందకి వచ్చీండి అందరూ. ఉప్మా అవుతంది."

చేపలావిడ గంపల వంక చూసింది. పై అంతస్తులో, స్లాబు కింద, గోడవారగా ఉన్నాయి, వాటికి ఢోకా లేదని నేను చెప్పాను. నా మాట మీద లేచింది.

ఇల్లు విడిచే ముందు ఇరవై రెండో అంశం ఒకటి మిగిలింది. నీళ్ళు మాకు ఉదయం అయిదున్నరకూ సాయంత్రం అయిదున్నరకూ వచ్చేవి. కింద ఎంతసేపు ఉండవలసి వస్తుందో తెలియదు. సాయంత్రం సరఫరా ఒక్క చుక్క కూడా తప్పిపోకూడదని, వంటింటి కుళాయికి రబ్బరు గొట్టం తొడిగి, దాని రెండో కొసను ముందుగదిలో సగం నిండిన డ్రమ్ములో పెట్టి, మరచిపోకుండా అప్పుడే కుళాయి విప్పేశాను. అయిదుం పావుకు పైకి వచ్చి డ్రమ్ము దగ్గర నిలబడడం నా ఉద్దేశం. తలుపు వేసి, రెండు తాళాలు బిగించి, బయటివైపు సందుకు కూడా చివరి కాగితం టేపుతో అంటించాను.

కింది ఇంట్లో నలుగురం చాపమీద కూర్చున్నాం. బావ భార్య పుట్టింటికి వెళ్ళింది. ఉప్మా ఆయనే చేశాడు. ఉప్పు లేదు. రేడియో హోరు, గాలి హోరు. పదిన్నరకు బయట మైకు వాను ఒకటి వెళ్ళింది. తుఫాను దృష్ట్యా ప్రజలు నిలవ చేసుకొనేందుకు వీలుగా అప్పటికప్పుడే అదనంగా నీళ్ళు వదులుతున్నామని అది వీధి వీధినా చెప్పిందట. ఎంత మంచి ఏర్పాటు. కాని నేను అంటించిన కిటికీల వెనక ఉన్నవాళ్ళకు ఒక ముక్క కూడా వినిపించలేదు.

"ఏటి అంటన్నాడు?" అని మా ఆవిడ అడిగింది.

"ఎలచ్చన్లేటో" అన్నాడు బావ.

పదకొండు గంటల ఏడు నిమిషాలకు బావ ఉప్మా పళ్ళెంలో నీటి చుక్క పడింది. రెండోది ఆయన బట్టతల మీద పడింది. పై కప్పులో గొట్టం దిగే చోట సున్నం నల్లబడి, అక్కడినుంచి చుక్కలు వరుసగా రాలడం మొదలయింది.

"బావా, వచ్చీసింది" అన్నాడు బావ, మంద్రంగా.

నేను గడియారం చూసి పుస్తకం తీశాను. 'ఉ. 11.07. కప్పు గుండా వర్షపు నీరు ప్రవేశం' అని రాశాను. నిమిషానికి నలభై చుక్కలు. రెండో నిమిషంలో యాభై రెండు. హెచ్చుదల చూస్తే తుఫాను కేంద్రం మా మీదికే వస్తున్నట్టుందని చెప్పాను. మా ఆవిడ అప్పన్నకు మొక్కుకుంటోంది. బావ పళ్ళెం పక్కకు జరుపుకొని తినడం సాగించాడు. చుక్కలు పడ్డ తరువాత ఉప్మా మెత్తబడి కాస్త నయంగా ఉందన్నాడు.

చేపలావిడ మాత్రం లేచి వెళ్ళి, వీధి తలుపు సందులో కుక్కిన కాగితం లాగి, బెత్తెడు తెరిచి బయటికి చూసింది. కొంచెంసేపు చూసింది.

"వాకిట్లో దుమ్ము లేస్తన్నాది బాబూ" అంది. "వాన నీ ఇంట్లోనే కురుస్తన్నాదేటి?"

తరువాత ఆమె మెట్ల మీద పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

రెండు తాళాలు. తాళం కప్పల మీద కూడా కాగితం. తలుపు తెరిచేసరికి పదకొండు పదహారు అయింది. లోపల నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. గుమ్మం దగ్గరా బాల్కనీ దగ్గరా నేను వేసిన కట్టలు ఒక్క చుక్కనైనా బయటికి పోనివ్వలేదు. స్నానాల గది గొట్టం పక్క కంత ఒక్కటే నా పట్టికలో లేదు; కిందికి కారింది దానిగుండానే. డ్రమ్ము నిండి, పొంగి, నీళ్ళు నెమ్మదిగా, చాలా మర్యాదగా గది అంతా పరుచుకొని ఉన్నాయి. గోడవార అడుగు గంపలు రెండూ ఆ నీళ్ళలో కూర్చొని ఉన్నాయి. తాటాకు నీరు పీల్చి నల్లబడింది.

పైగంపలను ఎత్తాలి. ఎత్తి పెట్టడానికి పొడిచోటు మంచం ఒక్కటే. మంచం మీద నా పెట్టె ఉంది. నేను పెట్టెను దించి నీళ్ళలో పెట్టి, గంపలు రెండూ మంచం మీదికి ఎక్కించాను. ఇందులో గొప్ప ఏమీ లేదు. ఆలోచించే వ్యవధి ఉంటే ఏం చేసేవాడినో నాకే తెలియదు.

మా ఆవిడ కుళాయి కట్టేసి వచ్చి ఏడవడం మొదలుపెట్టింది. చేపలావిడ ఏడవలేదు. నీళ్ళలోనే చతికిలబడి, అడుగు గంపలోనుంచి గుప్పెడు నెత్తళ్ళు తీసి, పిండి, వాసన చూసింది.

"రేపు ఎండ కాస్తాదా బాబూ?"

రెండు రోజులు మబ్బుగానే ఉంటుందని పొద్దున్నే రేడియోలో విన్నాను. అదే చెప్పాను.

"రెండు గంపలు పోతే సగం వల. సగం వలతో ఏటి పడతాం" అంది, తనలో తాను అన్నట్టుగా.

"కుళాయి నేనే విప్పాను" అన్నాను.

"తెలుసు. మరెవురిప్పుతారు. సముద్రం ముంచితే ఎవుర్ని తిట్టగలం? నిన్నైతే తిట్టొచ్చు."

ఆ తరువాత తిట్టింది. మూడు నాలుగు నిమిషాలు పట్టింది. నా పుస్తకం, నా జిగురు, నా టేపు, నన్ను పట్టికలు రాయడానికి బడికి పంపిన వాళ్ళు, అన్నీ అందులోకి వచ్చాయి. ఆ మాటలు నేను రాసుకోలేదు. బావ మెట్ల మీద నిలబడి తల ఊపుతూ విన్నాడు.

తిట్టడం ముగించి లేచి, చీర కొంగు నడుముకు బిగించింది. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితాలు నిలువునా చింపి, రెక్కలు తోసేసింది. మూడు రోజులుగా మేము తోసిపుచ్చుతున్న గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి కేలండరును గోడమీదినుంచి ఊడపీకింది.

"ఎండ నేకపోతే నేదు. ఇంత గాలుంది కదా" అంది. "దోమతెరలున్నాయా సెల్లీ? ఉప్పున్నాదా?"

దోమతెరలు మావి రెండు, బావవి రెండు. ఉప్పు ఆరు క్వార్టర్లలో అడిగితే పదకొండు పొట్లాలు వచ్చాయి. బావ ఇంట్లో రెండు పొట్లాలు దొరికాయి గనక ఉప్మాలో ఎందుకు వేయలేదని ఎవరో అడిగారు. శనివారం రాత్రి నేను మూడు గంటలు అంటించినదంతా పదకొండు నిమిషాలలో చింపేశాం. తడిసిన చేపలను గుడ్డలతో ఒత్తి, ఉప్పు చల్లి, ఒక తెర మీద పలుచగా పరిచి, రెండో తెర పైన కప్పి, అంచులు ముడివేసి, బాల్కనీ కమ్ములకూ కిటికీ ఊచలకూ బిగించి కట్టాం. రెండో జత కూడా అలాగే. గాలి వాటి గుండా ఈలవేస్తూ దూసుకుపోయింది. తెరలు తెరచాపల్లా పొంగాయి.

"ఇదీ వలే కదా" అని చేపలావిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పన్నెండు నలభైకి రేడియో. తుఫాను దిశ మార్చుకొని దక్షిణం వైపు తిరిగిందనీ, విశాఖపట్నానికి ముప్పు తగ్గిందనీ చెప్పారు.

"తప్పిపోయింది బావా" అన్నాడు బావ సంతోషంగా. అని, మా ముఖాలు చూసి, తెరలు చూసి, నోరు మూసుకున్నాడు.

ఇక్కడినుంచి మా ఎదురుచూపు తిరగబడింది. రెండు రోజులు తుఫాను వస్తుందేమోనని భయపడిన ఇల్లు, ఇప్పుడు అది పోతుందేమోనని భయపడడం మొదలుపెట్టింది. అట్లాసులో చుక్క బెత్తెడు దూరం జరిగిపోయింది. మూడు వేళ్ళ దూరంలో ఉన్నప్పుడు ఎంత బాగా వీచింది అనుకున్నాను. వాన రాకూడదు, గాలి ఆగకూడదు. ఇంత తూచినట్టు తుఫానును ఎవరూ అడిగి ఉండరు.

"ఇంకో నాలుగ్గంటలు ఆగి ఎల్లమనండి దాన్ని" అంది మా ఆవిడ. కాసేపటికి మళ్ళీ అంది: "ఎవురింటి మీదకి ఎల్తందో, పాపం."

ఆ రోజు డైరీలో ఆ మాట నేను రాయలేదు; రాయవలసింది. ఇప్పుడు రాస్తున్నాను.

రెండుం పావుకు తుంపర పడింది. నలుగురం నాలుగు మూలలా పట్టుకొని తెరలను లోపలికి లాగాం. ఆరు నిమిషాల తరువాత ఆగింది; మళ్ళీ బయటికి. మూడు ముప్ఫై అయిదుకు మరోసారి అలాగే. గాలి బలం కొలవడానికి మా ఆవిడ జాకెట్టు ఒకటి తీగమీద వేలాడదీసి, చేతులు ఎంత ఎత్తు లేస్తున్నాయో పావుగంటకోసారి రాసుకున్నాను. మూడింటికి భుజాల ఎత్తు. నాలుగింటికి అంతకు కొంచెం తక్కువ. చేపలావిడ అరగంటకోసారి తెర సందులో వేలు దూర్చి, ఒక చేప తీసి కొరికేది.

"ఇంకా మెత్తగున్నాది."

నాలుగున్నరకు జాకెట్టు చేతులు కిందికి వాలడం మొదలయింది. నాలుగు యాభైకి పూర్తిగా వేలాడిపోయాయి. సెక్టారంతా నిశ్శబ్దమయింది. ఎక్కడో పిల్లలు బయటికి వచ్చి ఆడుకుంటున్నారు. ఆమె ఒక నెత్తడు తీసి పళ్ళ మధ్య పెట్టింది. చిన్నగా టక్కుమంది. రెండో తెర దగ్గరికి వెళ్ళి కవళ్ళలో ఒకటి తీసి కొరికింది. ఏ చప్పుడూ రాలేదు.

"నెత్తళ్ళు ఆరినాయి. కవళ్ళు సగం ఆరలేదు. లారీ ఎక్కిస్తే తోవలోనే కుళ్ళిపోతాయి." నా వైపు తిరిగింది. "తడిపినోడే తినాల."

తిన్నాం. అయితే మేమొక్కళ్ళమే కాదు. ఆ సాయంత్రమే ఆ అరగంపను నెత్తిన పెట్టుకొని, చుట్టూ ఉన్న క్వార్టర్ల మెట్లన్నీ ఎక్కి దిగి, ప్రతి గుమ్మం దగ్గరా పూర్తి ధరకు అమ్మింది. "ఈ మీద అంతస్తు బాబు తడిపినవి, రెండ్రోజుల్లో ఒండీసుకోండి" అని ప్రతిచోటా గట్టిగా చెప్పింది. ఆ మాటకు నవ్వి అందరూ కొన్నారు. నేను అందరికన్నా ఎక్కువ కొన్నాను. గురువారం దాకా మా ఇంట్లో కవళ్ళ పులుసే. స్టోర్సులో నా పక్కన ఎవరూ భోజనానికి కూర్చోలేదు.

మంగళవారం పొద్దున ఆమె భర్త వచ్చాడు. పడవ క్షేమం. మనిషి మాట్లాడడు, గంపలను చూసి, గోడమీద నాలుగు వేళ్ళ ఎత్తున నీటి చార చూసి, నన్ను చూసి, గంపలు ఎత్తుకున్నాడు. తొమ్మిది నలభైకి లారీ కదిలింది.

పెట్టె ఆ తరువాతే తెరిచాను. అడుగున ఉన్న డైరీలు సిరా కలంతో రాసినవి. పేజీలన్నీ లేత నీలంగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఎనభయ్యారుది కూడా పోయిందా? మన పెళ్ళయిన ఏడు?" అని మా ఆవిడ అడిగింది.

"పోయింది."

"మంచిది. ఇంక పెళ్ళిలో మీవోళ్ళు ఏటన్నారో నాను సెప్పిందే లెక్క."

డిసెంబరు 31న సంవత్సరాంతపు పద్దు ఇలా వేశాను. చివరి వరుస తరువాత చేర్చాను.

పోయినవి: డైరీలు నాలుగు (1985 నుంచి 1988). మైదా రెండు కిలోలు. ఉప్పు పదకొండు పొట్లాలు. దోమతెర ఒకటి చిరిగింది. మూడు ఉతికినా లాభం లేకపోయింది. కేలండరు ఒకటి. కింది క్వార్టరు కప్పున చాపంత మేర సున్నం. కవళ్ళు అరగంప, లారీ ఎక్కలేదు.

మిగిలినవి: డైరీలు పద్నాలుగు. కిటికీ అద్దాలు అన్నీ. నీళ్ళు ముప్ఫై ఒక్క పాత్రలు, వాడలేదు. గంపలు మూడున్నర, లారీ ఎక్కాయి. వల ఒకటి, 2004 ఫిబ్రవరి 8, ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఒడ్డున పరిచి ఉండగా చూశాను.